ఒక్క ఓటూ పడకుండా పార్లమెంటుకు వెళ్లిన ద్వీపవాసి: బిషప్ జాన్ రిచర్డ్‌సన్

1952లో స్వతంత్ర భారతదేశపు తొలి లోక్‌సభ కొలువుదీరినప్పుడు అందులో 499 మంది సభ్యులున్నారు. వారిలో 489 మంది ప్రజల ఓట్లతో నెగ్గి వచ్చినవారు, మిగిలిన పదిమంది నియామకం ద్వారా వచ్చినవారు. ఆ పదిమందిలో ఒకరు బంగాళాఖాతం నడుమ ఉన్న కార్ నికోబార్ దీవికి చెందిన ఒక ఆంగ్లికన్ బిషప్. ఆయనకు ఏ పార్టీ టికెట్టూ లేదు. ఆయన ఎక్కడా ప్రచారం చేయలేదు. ఆయన పేరున ఒక్క బ్యాలెట్ పత్రమూ అచ్చు కాలేదు. అయినా దేశంలోకెల్లా మారుమూల ద్వీపసమూహం తరఫున ఢిల్లీలో కూర్చున్న తొలి ప్రతినిధి ఆయనే. ఆయన పేరు జాన్ రిచర్డ్‌సన్.

అండమాన్ నికోబార్ దీవుల్లో స్థానిక సంస్థలు, ఎన్నికలు, పార్టీల చేతులు మారే అధికారం గురించి మాట్లాడుకునే ప్రతిసారీ ఆయన జీవితం గుర్తుకు రాక తప్పదు. ప్రజలు ఒక నాయకుణ్ణి ఎలా ఎంచుకుంటారు, ఎందుకు నమ్ముతారు, ఆ నమ్మకానికి చట్టబద్ధమైన రూపం ఎప్పుడు వస్తుంది అనే మూడు ప్రశ్నలూ ఆ ఒక్క జీవితంలో కలిసి కనిపిస్తాయి.

మూస్ గ్రామపు బాలుడు

కార్ నికోబార్ దీవి పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా సుమారు 270 కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని వైశాల్యం 127 చదరపు కిలోమీటర్లు. కొండలు పెద్దగా లేని చదునైన నేల, చుట్టూ పగడపు దిబ్బలు, తీరం వెంబడి కొబ్బరి తోటలు, వాటి నీడన 15 గ్రామాలు. ఉత్తర కొసన ఉన్న గ్రామం పేరు మూస్. 19వ శతాబ్దపు చివరి పాదంలో ఆ గ్రామంలో పుట్టిన బాలుడికి తల్లిదండ్రులు హాచెవ్‌కా అని పేరు పెట్టారు. నికోబారీ భాషలో ఆ పేరుకు నమ్మదగినవాడని అర్థం.

అప్పటికి దీవిలో బడి అనేది కొత్త సంగతి. మద్రాసు ప్రాంతం నుంచి వచ్చిన వేదప్పన్ సాలమన్ అనే తమిళ క్రైస్తవ ఉపదేశకుడు ఆ శతాబ్దం చివరి ఏళ్లలో మూస్‌లో ఒక చిన్న పాఠశాల తెరిచాడు. మత ప్రచారంతో పాటు ఆ దీవిలో బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధిగానూ ఆయన పనిచేసేవాడు. ఆ బడిలో అక్షరాలు దిద్దిన మొదటి తరం పిల్లల్లో హాచెవ్‌కా ఒకడు. అక్కడే క్రైస్తవం స్వీకరించి జాన్ రిచర్డ్‌సన్ అయ్యాడు. నికోబార్ మిషన్ ఆ రోజుల్లో రంగూన్ మత మండలం కిందికి వచ్చేది. అందువల్ల పై చదువులకు అతణ్ణి బర్మాలోని మాండలేకు పంపారు. సముద్రం దాటి అంత దూరం వెళ్లి చదువుకున్న నికోబారీ యువకులు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

1909లో సాలమన్ మరణించాడు. 1912లో రిచర్డ్‌సన్ ఉపాధ్యాయుడిగా, ఉపదేశకుడిగా స్వగ్రామానికి తిరిగివచ్చాడు. అప్పటినుంచి దాదాపు ఆరున్నర దశాబ్దాల పాటు ఆ దీవే ఆయన కార్యక్షేత్రం. పిల్లలకు చదువు చెప్పాడు, రోగులకు మందులిచ్చాడు, కుర్రవాళ్లకు ఫుట్‌బాల్ నేర్పాడు. నికోబార్‌లో నేటికీ ప్రతి గ్రామానికీ ఒక ఆటస్థలం, దాని మీద బంతి వెంట పరుగెత్తే పిల్లలు కనిపించడానికి ఆయన వేసిన పునాదే కారణమని అక్కడివారి నమ్మకం.

కెప్టెన్లు, తుహెత్‌లు

రిచర్డ్‌సన్ ప్రాభవాన్ని అర్థం చేసుకోవాలంటే నికోబారీల పాలనా పద్ధతిని కొంత తెలుసుకోవాలి. కార్ నికోబార్‌లో భూమి వ్యక్తి సొత్తు కాదు. తుహెత్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబం దానికి యజమాని. కొబ్బరి తోట, పందుల మంద, పడవ, పండుగ ఖర్చు అన్నీ తుహెత్ లెక్కలోనివే. కొన్ని తుహెత్‌లు కలిస్తే గ్రామం. గ్రామానికి పెద్దను కెప్టెన్ అంటారు. కొబ్బరికాయల కోసం వచ్చే ఓడల కెప్టెన్లతో బేరసారాలు జరిపిన కాలంలో ఆ మాట దీవుల్లోకి చేరి, ఊరి పెద్దకు బిరుదుగా స్థిరపడింది. 1869లో నికోబార్ దీవులను స్వాధీనం చేసుకున్న బ్రిటిష్ ప్రభుత్వం ఈ పెద్దలను గుర్తించి, వారికి జెండా, దుస్తులు, గుర్తింపు పత్రం ఇచ్చి తన పాలనకు అంచెలుగా మార్చుకుంది.

అలా గుర్తింపు ప్రభుత్వం నుంచి వచ్చినా, మన్నన మాత్రం ఊరి నుంచే రావాలి. తుహెత్‌ల పెద్దలు ఒప్పుకోని కెప్టెన్ మాట ఎవరూ వినరు. స్వాతంత్ర్యానంతరం ఈ వ్యవస్థ ఎన్నికల రూపం తీసుకుంది. గ్రామానికి మొదటి, రెండవ, మూడవ కెప్టెన్లు ఉంటారు. గ్రామాల కెప్టెన్లందరూ కలిస్తే గిరిజన మండలి, దానికి అధిపతిగా ముఖ్య కెప్టెన్. ఈ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. ఎవరి వంశం ఏమిటి, ఎవరు తగాదా తీర్చగలరు, తుపాను వచ్చినప్పుడు ఎవరు ముందు నిలబడతారు అన్నవే ఓటును నిర్ణయిస్తాయి.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఇది కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సర్పంచి ఎన్నిక నేటికీ పార్టీల గుర్తులు లేకుండానే జరుగుతుంది. మండల, జిల్లా పరిషత్ స్థాయికి వెళ్లేసరికి గుర్తులు వస్తాయి. ఇంగ్లండ్ పల్లెల్లోనూ ఇంచుమించు ఇదే వరుస. అక్కడ 1894 నాటి చట్టంతో ఏర్పడిన గ్రామ మండళ్లను నేటికీ పారిష్ కౌన్సిళ్లనే అంటారు. పారిష్ అన్నది చర్చి పరిధిని తెలిపే మాట. చర్చి చేతుల్లోని ఊరి వ్యవహారాలను విడదీసి ఎన్నికైన మండలికి అప్పగించడం ఆ చట్టం ఉద్దేశం. వాటిలో చాలామంది సభ్యులు ఏ పార్టీకీ చెందనివారే. అదే పల్లెలు పై అంచెలోని కౌంటీ మండళ్లకు ఓటు వేసేటప్పుడు మాత్రం పార్టీల గాలి బలంగా వీస్తుంది. 2025 మే నెలలో జరిగిన స్థానిక ఎన్నికల్లో దశాబ్దాలుగా కన్సర్వేటివ్ పార్టీ కోటలుగా పేరుపడిన కెంట్, లింకన్‌షైర్ వంటి మండళ్లు రిఫార్మ్ యూకే అనే కొత్త పార్టీ చేతికి వెళ్లాయి. ఊరి స్థాయిలో మనిషిని చూసి, పై స్థాయిలో జెండాను చూసి ఓటు వేయడం లోకమంతటా ఉన్న అలవాటు. రిచర్డ్‌సన్ కాలపు నికోబార్‌లో ఉన్నది మొదటి అంచె ఒక్కటే. జెండా ఇంకా తీరానికి చేరలేదు.

భాషకు అక్షరం

ఊరి నమ్మకాన్ని రిచర్డ్‌సన్ సంపాదించుకున్న మార్గాల్లో అన్నింటికన్నా లోతైనది భాష. కార్ నికోబారీ భాష ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానికి చెందినది. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో వినిపించే సవర భాషకు అది దూరపు బంధువు. తెలుగు వాక్యంలో క్రియ చివరన వస్తే నికోబారీ వాక్యంలో క్రియ మొదట వస్తుంది, కర్త చివరకు జరుగుతుంది. అప్పటివరకు నోటి మాటగానే బతికిన ఆ భాషను మిషనరీలు రోమన్ లిపిలో రాయడం మొదలుపెట్టారు. జార్జి వైట్‌హెడ్ అనే ఆంగ్ల మతగురువు కూర్చిన కార్ నికోబారీ నిఘంటువు 1925లో రంగూన్‌లో వెలువడింది. అయితే ఆ భాష తల్లి నుడిగా ఉన్న ఒక మనిషి పూనుకొని దానిలో పెద్ద గ్రంథాన్ని నిలబెట్టడం రిచర్డ్‌సన్‌తోనే సాధ్యమైంది.

ఆయన బైబిలు అనువాదానికి దశాబ్దాలు వెచ్చించాడు. గోధుమ పొలాలు, ద్రాక్ష తోటలు, గొర్రెల మందలు, ఎడారి బావులు నిండిన గ్రంథాన్ని కొబ్బరి, మొగలి జాతి పండు, పందులు, పడవలు తప్ప ఎరుగని భాషలోకి తేవడం మాటలు కాదు. లేని వస్తువుకు మాట కల్పించాలి, ఉన్న మాటను కొత్త అర్థానికి సాగదీయాలి, అయినా ముసలమ్మలకు అర్థం కావాలి. కొత్త నిబంధన 1950లో వెలువడింది. సంపూర్ణ గ్రంథం 1960ల చివరికి సిద్ధమైంది. దీవిలో ఇంటింటా చదివే తొలి పుస్తకం అదే అయింది. నికోబారీ పిల్లలకు వారి భాషలో వాక్యం రాతలో ఎలా ఉంటుందో చూపిన ప్రమాణమూ అదే.

సరిగ్గా ఆ కాలంలోనే, సముద్రానికి ఈవల పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి సవరల భాష నేర్చుకొని, వారికి బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఒకరు మత సేవకుడు, మరొకరు వ్యావహారిక భాషా ఉద్యమకారుడు. ఇద్దరి మార్గాలు వేరైనా గ్రహించిన సత్యం ఒకటే. సొంత మాటలో చదవలేని, రాయలేని సమాజం తన తరఫున మాట్లాడే పనిని ఎప్పుడూ పరాయివాడికి అప్పగించవలసి వస్తుంది. అర్జీ రాయాలన్నా, చట్టం తెలుసుకోవాలన్నా, ఓటరు జాబితాలో పేరు చూసుకోవాలన్నా అక్షరమే తొలి మెట్టు.

జపాన్ నిర్బంధం

1942లో జపాన్ సైన్యం అండమాన్ నికోబార్ దీవులను ఆక్రమించింది. కార్ నికోబార్‌లో విమానాల రన్‌వే నిర్మించడానికి గ్రామస్థులను వెట్టి చాకిరికి తోలారు. తిండి కరువైంది, తోటలు నాశనమయ్యాయి. మిత్రరాజ్యాల విమానదాడులు పెరిగినకొద్దీ జపాన్ అధికారుల్లో అనుమానం పెరిగింది. గూఢచారులన్న నెపంతో 1945లో అనేకమంది నికోబారీలను చిత్రహింసలు పెట్టి చంపారు. ఇంగ్లీషు తెలిసిన, చర్చితో సంబంధం ఉన్న వారు ఆ అనుమానానికి మొదట గురయ్యారు. రిచర్డ్‌సన్ కుటుంబమూ ఆ హత్యాకాండ నుంచి తప్పించుకోలేకపోయింది. ఆయనను నిర్బంధించి మరణశిక్ష విధించారు. శిక్ష అమలు కాకముందే జపాన్ లొంగిపోవడంతో ప్రాణాలతో బయటపడ్డాడు.

యుద్ధం ముగిశాక ఆయన దీవి వదిలి వెళ్లలేదు. కూలిన బడులను, చర్చిలను తిరిగి లేపడానికి ఊరూరూ తిరిగాడు. అయినవారిని పోగొట్టుకొని, చావు అంచు నుంచి తిరిగివచ్చి, మళ్లీ అదే ఊరిలో పలకా బలపంతో కూర్చున్న మనిషిని దీవి ప్రజలు మరో కంట చూశారు. యుద్ధానికి ముందు క్రైస్తవులు దీవిలో అల్పసంఖ్యాకులు. యుద్ధానంతరం కొద్ది ఏళ్లలోనే కార్ నికోబార్ దాదాపు మొత్తంగా ఆ మతంలోకి మారింది. ఈ మార్పుకు ఒక మూల్యమూ ఉంది. పూర్వీకుల అస్థులను వెలికితీసి జరిపే పండుగలు, మంత్రగాళ్ల ఆచారాలు చాలావరకు వెనకబడ్డాయి. ఉపాధ్యాయుడు, మతగురువు, రాజకీయ ప్రతినిధి ఒకే మనిషి కావడం వల్ల ఒక చిన్న సమాజంలో భిన్నాభిప్రాయానికి చోటు ఎంత మిగులుతుందన్న ప్రశ్న కూడా ఆయన జీవితకథలో భాగమే.

ఢిల్లీ పీఠం

1950లో కలకత్తాలో రిచర్డ్‌సన్ సహాయ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. రెండేళ్ల తరువాత రాష్ట్రపతి ఆయనను లోక్‌సభకు నియమించారు. అప్పటికి దీవుల్లో పార్లమెంటు ఎన్నిక జరిపే ఏర్పాటు లేదు. దీవులు నిన్నమొన్నటి వరకు శిక్షాస్థావరం. సెల్యులార్ జైలు గోడల మధ్య బతికిన ఖైదీల వారసులు, తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడుతున్న శరణార్థులు, దక్షిణాది నుంచి వచ్చిన కూలీలు, వేల ఏళ్లుగా ఉన్న ఆదివాసులు ఒక్కచోట చేరిన భూభాగం అది. అంతటి వైవిధ్యానికి ఒకే ఒక్క సభ్యుడు ప్రతినిధి. ఆ ఒక్కడూ ఆదివాసి కావడం విశేషం.

ఆయన సభ్యత్వ కాలంలోనే రెండు ముఖ్య పరిణామాలు జరిగాయి. ఆదివాసుల భూములు, వ్యాపారంలోకి బయటివారు చొరబడకుండా అడ్డుకునే ఆదిమ తెగల రక్షణ నిబంధన 1956లో వచ్చింది. అదే ఏడాది నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే, అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతమైంది. రాష్ట్రాలకు శాసనసభలు వచ్చాయి గాని దీవులకు రాలేదు. నేటికీ లేదు. అందుకే అక్కడ పురపాలక మండలి, పంచాయతీ, గిరిజన మండలి అనే స్థానిక సంస్థలకు బరువు ఎక్కువ. స్థానిక సంస్థలకూ పార్లమెంటుకూ నడుమ శాసనసభ అనే మెట్టు లేదు.

1957లో రిచర్డ్‌సన్ పదవీకాలం ముగిసింది. ఆ తరువాతి రెండు సభలకూ దీవుల ప్రతినిధి నియామకం ద్వారానే వచ్చాడు. దీవుల ప్రజలు తమ సభ్యుణ్ణి తామే ఎన్నుకునే అవకాశం 1967లో మొదటిసారి దక్కింది. మిగతా దేశం నాలుగోసారి ఓటు వేస్తున్నప్పుడు వారు తొలి ఓటు వేశారు. ఎన్నిక వచ్చిందంటే పార్టీ వచ్చింది. 1967 నుంచి మూడు దశాబ్దాలు ఆ స్థానం కాంగ్రెస్‌దే. 1999లో భారతీయ జనతా పార్టీ దాన్ని తొలిసారి చేజిక్కించుకుంది. అప్పటినుంచి అది 2004లో కాంగ్రెస్‌కు, 2009లో బీజేపీకి, 2019లో కాంగ్రెస్‌కు, 2024లో మళ్లీ బీజేపీకి చేతులు మారుతూ వస్తోంది.

జెండాలు చేరిన తీరం

ఈ మార్పు పట్టణ పాలనలోనూ ప్రతిబింబించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని సుమారు 3.8 లక్షల మందిలో 13 శాతం వరకు తెలుగు మాతృభాషగా గలవారు. 2022 మార్చిలో పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలికి జరిగిన ఎన్నికల్లో 24 వార్డుల్లో కాంగ్రెస్, బీజేపీ చెరి పది గెలుచుకున్నాయి. తెలుగుదేశం పార్టీకి రెండు స్థానాలు దక్కాయి. ఎవరికీ ఆధిక్యం లేని ఆ మండలిలో 2023 మార్చిలో బీజేపీ మద్దతుతో అధ్యక్ష పీఠం తెలుగుదేశం సభ్యురాలికి దక్కింది. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న ఆ నగరంలో రెండు ఓట్లు అటు ఇటు కదిలితే పాలన మారుతుంది.

నికోబార్‌లోని గిరిజన ప్రాంతాలు మాత్రం పంచాయతీ చట్టానికి వెలుపలే ఉన్నాయి. అక్కడి మండళ్లకు 2009లో వచ్చిన ప్రత్యేక నిబంధన చట్టబద్ధత కల్పించింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో కార్ నికోబార్ తీరగ్రామాలు కొట్టుకుపోయినప్పుడు, బతికినవారిని గుర్తించి లోతట్టుకు చేర్చి, ఎవరి తుహెత్‌కు ఎక్కడ చోటివ్వాలో తేల్చినవారు ఈ కెప్టెన్లే. వారి పరీక్ష అక్కడితో ముగియలేదు. గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణంతో కూడిన 72 వేల కోట్ల రూపాయల ప్రాజెక్టుకు అటవీ భూమి మళ్లించడానికి అక్కడి గిరిజన మండలి 2022 ఆగస్టులో నిరభ్యంతర పత్రం ఇచ్చింది. నవంబరులో దాన్ని వెనక్కి తీసుకుంది. ఏ పార్టీకీ చెందని కొద్దిమంది కెప్టెన్ల సంతకానికి ఎంత విలువ ఉందో, ఆ సంతకాన్ని చదివి అర్థం చేసుకొని చేయడానికి ఎంత వ్యవధి అవసరమో ఆ ఉదంతం దేశానికి తెలిపింది.

మిగిలిన పేరు

1966లో అండమాన్ నికోబార్ ప్రత్యేక మత మండలంగా ఏర్పడినప్పుడు రిచర్డ్‌సన్ దానికి తొలి బిషప్ అయ్యాడు. ప్రభుత్వం ఆయనను 1965లో పద్మశ్రీతో, 1975లో పద్మభూషణ్‌తో సత్కరించింది. 1978లో ఆయన కన్నుమూశాడు. కార్ నికోబార్‌లోని జిల్లా ఆసుపత్రి నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

ఆయన కాలంలో దీవుల గొంతు ఢిల్లీకి చేరడానికి ఒక మనిషి మంచితనం మీద ఆధారపడవలసి వచ్చింది. అదృష్టవశాత్తు ఆ మనిషి మంచివాడు. కాకపోయి ఉంటే అతణ్ణి దించే సాధనం దీవుల ప్రజల చేతిలో ఉండేది కాదు. నియామకంలోని లోపం అదే. ఓటు ఆ లోపాన్ని సరిదిద్దింది. నచ్చని ప్రతినిధిని ఇంటికి పంపే శక్తిని 1967 తరువాత దీవులు అనేకసార్లు వాడుకున్నాయి. అయితే ఓటు ఇవ్వలేనిది కూడా ఒకటుంది. ప్రతినిధికి తన ఊరి మాట తెలిసి ఉండటం, ఆపద వేళ ఊరు విడిచిపోకపోవడం బ్యాలెట్ పెట్టెలోంచి పుట్టవు. నికోబార్ గ్రామాలు కెప్టెన్‌ను ఎన్నుకునే రోజున ఇప్పటికీ ఆ రెండింటినే తూకం వేస్తాయి. హాచెవ్‌కా అనే పేరుకు ఉన్న అర్థాన్ని ఆ దీవి ఇంకా మరిచిపోలేదు.